నాలుగో గ్లాసు

వంటింట్లో సింకు ముందు ఉండే పాత మ్యాట్ ఏమైందని ఆదివారం పొద్దున్నే ఆయన రాద్ధాంతం మొదలుపెట్టాడు.

“పారేసి మూడు వారాలైంది. ఇప్పుడు కనబడిందా అది లేనట్టు?” అంది భార్య గిన్నెలు తోముతూ.

“నిక్షేపంలాంటి మ్యాట్. కాళ్లు జిల్లుమంటున్నాయి.”

“చెప్పులేసుకోండి.”

మ్యాట్ కోసం ఇంత గొడవ అక్కర్లేదని ఆయనకీ తెలుసు. అసలు కోపం జేబులో ఉన్న ఉత్తరం మీద. ఉత్తరం మీద కూడా కాదు, తన మీదే.

ఇరవై ఏళ్లుగా ఆయన ఒక వారపత్రికలో వైన్ రుచుల గురించి రాస్తున్నాడు. పెద్ద కంపెనీల జోలికి పోడు. ఏడాదికి నాలుగైదు వందల సీసాలు చేసుకునే చిన్న తోటలవాళ్లు పంపినవే రుచి చూస్తాడు. ఏ సీసా ఎవరిదో ముందే తెలిస్తే నాలుక మొహమాటపడుతుందని ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు. భార్య వంటింట్లో సీసాలు తెరిచి, నంబరు చీటీలు అంటించిన గ్లాసుల్లో పోసి తెస్తుంది. ఆయన ముందుగదిలో కూర్చుని ఒక్కోటీ పుక్కిలించి ఉమ్మేసి, తోచింది రాసుకుంటాడు. పేర్ల జాబితా చివర్లోనే తీస్తాడు.

మూడు వారాల కిందట ఆరు గ్లాసులొచ్చాయి. రెండోది నోట్లో పోసుకుని కళ్లు మూసుకున్నాడు. ‘ఈ ఏడాది నా నాలుక చేసుకున్న పుణ్యం’ అని రాశాడు. నాలుగోది తగలగానే మొహం చిట్లించాడు.

“మరోసారి చూడండి, తొందరేముంది?” అంది భార్య. వేలికి గుడ్డ చుట్టుకుని తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడూ అలా నిలబడే మనిషి కాదు.

“ఇరవై ఏళ్ల నాలుక ఇది. రెండోదానికీ దీనికీ హస్తిమశకాంతరం.”

ఆ ఊపులోనే రాసి పారేశాడు: ‘ఈ తోటాయన ద్రాక్ష పీకేసి క్యాబేజీ వేసుకుంటే నేలకీ మంచిది, మనకీ మంచిది.’ పత్రికవాళ్లు సరిగ్గా ఆ వాక్యాన్నే పెద్దక్షరాల్లో వేశారు.

తోటాయన రిటైరైన బస్సు డ్రైవరట. నాలుగు రోజుల కిందట ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఒక్క తిట్టు లేదు. ‘ఇంట్లోవాళ్లు నా మనసు నొప్పించలేక బాగుందంటున్నారేమోనని ఎప్పుడూ అనుమానమే. మీరు నిజం చెప్పారు. కృతజ్ఞతలు. దుకాణాలవాళ్లు సీసాలన్నీ తిప్పి పంపేశారు. సోమవారం ట్రాక్టరు వస్తుంది. తీగలు పీకించేస్తున్నాను.’

తిట్టి ఉంటే బాగుండేది. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. నాలుగో సీసాలో చుక్కైనా మిగిలిందా అని భార్యని అడిగాడు. లేదంది, ఆయన మొహంకేసి చూడకుండా. ఆవిడకి కూడా తనంటే ఏవగింపు పుట్టిందనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నం కెలుకుతూ కూర్చుంటే తల్లి ఊరుకోలేదు. ఊళ్లోవాళ్ల సీసాలకి వంకలు పెట్టీ పెట్టీ వీడికి ఇంటి తిండి కూడా సహించడం లేదంది. కూతురు నవ్వింది. భార్య నవ్వలేదు.

ఆయన ఎడమచేత్తో ఉత్తరం తీసి అందరికీ చదివి వినిపించాడు.

“ఇప్పుడే బయల్దేరుతున్నా,” అన్నాడు. “ట్రాక్టరు వచ్చేలోగా వెళ్లి, ఆయనెదురుగానే మళ్లీ రుచి చూస్తా. పొరపాటు నాదే అయితే అచ్చులో ఒప్పుకుని ఈ పని మానేస్తా. కానీ నా నాలుక పొరబడిందంటే ఇప్పటికీ నమ్మలేకపోతున్నా.”

భార్య కంచం పక్కకి జరిపింది. వేలి మీద మానిన గాటు నిమురుకుంది.

“ఆ రోజు నాలుగో సీసా నా చేయి జారి ఆ మ్యాట్ మీదే పగిలిపోయిందండీ, మీరు అరుస్తారని నాలుగో గ్లాసులో కూడా రెండో సీసాలోదే పోశాను.”