రాయి ఏడ్చిందా?

భూమి లోపల చమురు పట్టి ఉన్న పగుళ్ల సున్నపురాయిలోకి నీళ్లు ఎంత గట్టిగా తోసినా పగుళ్లలోంచే జారిపోతాయి, చమురు మాత్రం రాయిని వదలదు. అందుకే ఆమె ల్యాబులో రాతిముక్కను సబ్బునీళ్లలో నానబెట్టి, చమురు ఎప్పుడు కారుతుందా అని నెలలుగా ఎదురుచూస్తోంది.

ఇంటికెళ్లగానే కూతురు అడిగేది: "అమ్మా, రాయి ఏడ్చిందా?"

"అది మహా మొండిదమ్మా, ఇంకా ఏడవలేదు."

ఇవాళ రాతి మీద చమురుబొట్టు పుట్టింది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె ఇంటికి ఫోన్ చేసింది.

"ఏమండీ, రాయి ఏడ్చింది! ఫోన్ పాపకివ్వండి."

ఆ మాట అన్నాకే గుర్తొచ్చింది ఆమెకి, పాప పోయి నెల దాటిందని.

ఒక్కసారిగా ఏడుపు తన్నుకొచ్చింది.

పాప పోయిన రోజు కంటతడి పెట్టలేదని ఆమెను 'రాయి' అన్నది అత్తగారే. ఫోన్లో అవతల భర్త ఆవిడతో మెల్లిగా అనడం వినిపించింది:

"అమ్మా, ఏడ్చింది."