చేతిపని

శుక్రవారం సాయంత్రంలోగా మేనేజరు ఒక మాట తేల్చి చెప్పాలి. బస్సు టికెట్లు అమ్మే తమ వెబ్‌సైట్‌ని ఇకమీదట మనుషులు కాదు, వాటంతటవే నడిచే ప్రోగ్రాములు, అంటే స్క్రిప్టులే పరీక్షించాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ఆ స్క్రిప్టులు ఏ కంప్యూటర్ భాషలో రాయాలన్నదే ఒక కొలిక్కి రావడం లేదు.

గడ్డం ఇంజినీరు పైథాన్ అంటాడు. "చదివితే ఇట్టే అర్థమవుతుంది సార్. రేపు నేను లేకపోయినా ఇంకొకరు అందుకుంటారు."

కళ్ళద్దాల ఇంజినీరు జావాస్క్రిప్ట్ అంటుంది. "సైట్ రాసిందే అందులో. ఒకే ఇంట్లో రెండు భాషలెందుకు సార్?"

మూడు వారాలుగా ఇదే తంతు. ఇద్దరూ మధ్యాహ్నం భోజనానికి కూడా వేరువేరు బల్లల దగ్గర కూర్చుంటున్నారు.

మేనేజరు బెంగ వేరు. ఏ భాష గెలిచినా పోయేది పిన్నిగారి కుర్చీయే. ఆఫీసంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. పదకొండేళ్ళుగా సైట్‌ని చేత్తో పరీక్షించేది ఆవిడే. లాగిన్ అవడం, సీటు ఎంచుకోవడం, రద్దు చేయడం, అన్నీ కలిపి రోజుకి మూడు వందల పన్నెండు పరీక్షలు. ఎండైనా వానైనా సాయంత్రం నాలుగింటికి రిపోర్టు వచ్చేస్తుంది. అంత పనిలోనూ ఈ ఏడాది మూడు స్వెట్టర్లు అల్లింది. తీరిక ఎక్కడ దొరుకుతుందో ఎవరికీ అంతుపట్టదు.

ఉద్యోగం పోతుందని ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక మేనేజరు రెండుసార్లు ఆవిడ గది దాకా వెళ్ళి, "టీ తాగారా?" అని అడిగి వెనక్కి వచ్చేశాడు.

చివరికి పోటీ పెట్టాడు. మూడు రోజులు. పైథాన్, జావాస్క్రిప్ట్, పిన్నిగారు. తప్పులు ఎవరు సరిగ్గా పట్టుకుంటే వాళ్ళదే గెలుపు.

"నా గదిలోనే చేసుకుంటానండీ. వెనకాల ఎవరైనా నిలబడితే నాకు చెయ్యి సాగదు," అంది పిన్నిగారు.

మొదటి రోజు సైట్‌లో రద్దు బటన్ ఎడమ నుంచి కుడికి మారింది. గడ్డం ఇంజినీరు స్క్రిప్టు అసలు బటనే లేదని చతికిలబడింది. మంచినీళ్ళ కోసం వచ్చిన పిన్నిగారు అతని తెర వంక చూసింది.

"ఉన్న చోటు పట్టుకుని వెతికితే ఇంతే బాబూ. పేరు పట్టుకుని వెతకాలి."

రెండో రోజు సైట్ నెమ్మదించింది. పేజీ పూర్తిగా తెరుచుకోకముందే కళ్ళద్దాల ఇంజినీరు స్క్రిప్టు తొందరపడి, లేని తప్పులు నలభై చూపించింది.

"ఏ భాషయితేనేం అమ్మాయ్, ముందు దానికి ఆగడం నేర్పాలి," అంది పిన్నిగారు.

మూడో రోజు ఒకే సీటు ఇద్దరికి దొరికింది. స్క్రిప్టులు రెండూ అంతా బాగుందన్నాయి. పట్టుకుంది పిన్నిగారొక్కతే.

అనుభవమంటే ఇదీ అనుకున్నాడు మేనేజరు. శుక్రవారం డైరెక్టరు ముందు గుండె నిబ్బరంగా నిలబడ్డాడు.

"యంత్రం యంత్రమే సార్. మనిషి చెయ్యి చేసే పని దానివల్ల కాదు."

డైరెక్టరు కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. ఆ కుర్చీ జోలికి ఎవరూ వెళ్ళకూడదని కాగితం మీద రాసిచ్చాడు కూడా.

ఆ కాగితం చూసి పిన్నిగారు కళ్ళు తుడుచుకుంది. "ఒక వారం సెలవు కావాలండీ. మా చెల్లెలికి కంటి ఆపరేషన్. అక్కడ ఫోన్ కూడా సరిగ్గా పలకదు."

పదకొండేళ్ళలో ఆవిడ అడిగిన మొదటి సెలవు. మేనేజరు వెంటనే సంతకం పెట్టేశాడు. ఆవిడ గదికి తాళం వేసుకుని బయల్దేరింది.

సోమవారం ఆవిడ పనికి ఇంజినీర్లిద్దరినీ కూర్చోబెట్టాడు. మూడున్నరకి యాభై ఏడు పరీక్షలయ్యాయి. గడ్డం ఇంజినీరు మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళద్దాల ఇంజినీరు ఎంతవరకు వచ్చామో మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. ఈ వారం రిపోర్టులు ఉండవని డైరెక్టరుకి ఎలా చెప్పుకోవాలా అని మేనేజరు తల పట్టుకున్నాడు.

సరిగ్గా నాలుగింటికి, తాళం వేసి ఉన్న ఆవిడ గదిలోని కంప్యూటర్ నుంచి, ఆయన తెర మీద పిన్నిగారి రిపోర్టు వచ్చి వాలింది: "ఈ రోజు మూడు వందల పన్నెండూ నా చేత్తోనే చూశాను, తప్పులేమీ లేవు."