గోడలోని వ్యాఖ్యాత

ఆ రోజు ఇంట్లో అమ్మ, నాన్న, బాబాయి, నేను, గోడలోని వ్యాఖ్యాత ఉన్నాం. నాన్న శ్మశానం నుంచి వచ్చి, లోపలికి రాకముందు పెరట్లో స్నానం చేస్తున్నాడు. అమ్మ నీళ్లు పోస్తోంది.

మా పార్టీ వాళ్ల ఇళ్లన్నిటిలోనూ గోడల్లో వ్యాఖ్యాత ఉంటాడు. ఎవరింట్లో వాళ్లను పేరు పెట్టి పలకరిస్తాడు. ఆయన ద్రోహి అన్న మనిషితో ఎవరూ కలిసి భోంచేయరు.

"మీ అన్న ఎదుటి పార్టీ సత్తెయ్య పాడె మోశాడు. మెతక మనిషనుకున్నాం, ద్రోహి అని తేలాడు. ఇంకా ఆయనతో కలిసి తింటావా, వీర్రాజూ?" అని వ్యాఖ్యాత బాబాయిని అడిగాడు.

నాన్న తడిబట్టలతోనే గుమ్మంలోకి వచ్చాడు. "నాదీ మీ పార్టీయేనయ్యా. చిన్నప్పట్నుంచీ జెండా మోసినోణ్ణి. చావుకి పార్టీ ఏంటి?"

"విన్నావా? జెండా మోసిన భుజం మీదే పాడె కూడానట!" వ్యాఖ్యాత నవ్వాడు.

బాబాయి లేచి తన గదిలోకి వెళ్లిపోయాడు. అమ్మ కంచంలో అన్నం, చారు పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వంటే ప్రాణమే వాడికి. నువ్విస్తే తింటాడు."

గోడలు వింటాయని నేను ఇంట్లో పెద్దగా మాట్లాడను. ఆ రోజు మాత్రం బాబాయి గది ముందు నిలబడి అడిగాను.

"బాబాయ్, నీకు కాలవలో ఈత నేర్పింది సత్తెయ్య తాతే కదా?"

"ఈ పిల్లకి ఇలాంటి మాటలు ఎవరు నేర్పుతున్నారు, వీర్రాజూ?" అంది గదిగోడ.

బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ వైపు చూశాడు. కంచం అందుకోకుండానే తలుపు వేసేశాడు.