ఏడుపు లేని వీధి

పుట్టుక నొప్పి బిడ్డకు తెలియకూడదని ఆసుపత్రులు ప్రతి పసికందు వీపుకూ మందు పట్టీ అంటించి పంపుతున్న కాలం అది. వీధిలో పసిబిడ్డ ఏడుపు వినపడి ఏళ్లయింది. ఆ మందుకు ఊపిరి మందగిస్తే ఆసుపత్రివాళ్లు బిడ్డ కాలికి తొడిగిన కడియం మోగుతుంది. అప్పుడు తల్లి బిడ్డ అరికాలు గిల్లి లేపాలి.

బాలింత హైమ మూడు రోజులుగా కునుకు తీయలేదు.

"నిద్రపోయే బిడ్డని అలా చూడకూడదే, దిష్టి తగులుద్ది," అంది ఆమె తల్లి సుందరమ్మ.

"చూడకపోతే ఊపిరి మర్చిపోతాడమ్మా."

కడియం మోగింది. హైమ గిల్లింది. బిడ్డ కదల్లేదు. గట్టిగా గిల్లాక ఒక్కసారిగా ఊపిరి పీల్చాడు.

సుందరమ్మ వాడి వీపు మీది పట్టీ పీకేసింది.

సాయంత్రానికి వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే పక్కింటామె పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ?"

"నెమ్మదమ్మా, మా అమ్మాయి లేస్తుంది," అంది సుందరమ్మ.

ఆ ఏడుపు పక్కనే హైమ ఆదమరచి నిద్రపోతోంది.