క్యాంటీన్‌లో మేనేజరు భోజనం

“అన్నంలో రాళ్లు, పప్పులో నీళ్లు. సగం మందికి కడుపునొప్పి. క్యాంటీన్ కాంట్రాక్టరును మార్చాల్సిందే సార్,” అన్నాడు బట్టలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడు.

మేనేజరు మొహం చిట్లించాడు. “సరే. రేపు మీతోపాటే కూర్చుని తింటా. బాగోలేకపోతే రేపే మార్చేస్తా. బాగుంటే మాత్రం ఇంకోసారి తిండి గురించి నోరెత్తకూడదు.”

నాయకుడు ఎగిరి గంతేశాడు. ఆ పప్పు ఒక్క ముద్ద గొంతు దిగితే చాలు, కాంట్రాక్టరు మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

మర్నాడు మేనేజరు రానే వచ్చాడు. చేతిరుమాలుతో బెంచీ తుడిచి, ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఎదురుగా నాయకుడు. అటు కుట్టుమిషను అక్క, ఇటు ఇస్త్రీ పెద్దమ్మ. వంటింట్లోంచి గిన్నెలు వచ్చాయి. వంటవాడు గోడకానుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. వాడి ధీమా చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

మేనేజరు చేదుమందు మింగేవాడిలా కళ్లు మూసుకుని తొలిముద్ద పెట్టుకున్నాడు. కళ్లు తెరిచాడు. గబగబా ఇంకో ముద్ద కలిపాడు.

“మొహమాటపడకండి బాబూ,” అంటూ పెద్దమ్మ ఇంకాస్త అన్నం వడ్డించింది. పాడు అలవాటు, పోరాటంలో కూడా ఊరుకోదు.

“పప్పులో ఉప్పు సరిపోయిందా సార్?” అక్క ఆత్రంగా అడిగింది.

“అమృతంలా ఉందమ్మా!”

అక్క మొహం వెలిగింది. అంతలోనే తను వచ్చిన పని గుర్తొచ్చి మాడిపోయింది.

వేపుడు గిన్నె ఖాళీ అయింది. నాయకుడికి చెమటలు పట్టాయి.

మేనేజరు వేళ్లు నాక్కుని, బ్రేవుమని తేన్చి లేచాడు. “మా ఇంట్లో కూడా నాకింత మంచి భోజనం లేదయ్యా! మీకు తిన్నది అరక్క ఈ గొడవలు. కాంట్రాక్టు ఇంకో మూడేళ్లు పొడిగిస్తున్నా. ఇక నోరు మూసుకుని తినండి.”

వంటవాడు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. బల్ల దగ్గర మిగిలిన ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు.

మన పక్కన కూర్చుని తినే మనిషికి అన్నీ ఆ గడ్డే ఎలా పెడతాం, బండారం బయటపడటానికి మిగతా గిన్నెలు చాల్లే అనుకుని, అన్నం పెద్దమ్మ, పప్పు అక్క, వేపుడు సాక్షాత్తూ నాయకుడు, ఒకరికి తెలియకుండా ఒకరు ఇంట్లో వండి తెచ్చి, వంటవాడి ముందే గిన్నెలు మార్చేశారు మరి.