మూసుకోని చిప్పలు

రేపొస్తానని చెప్పి సముద్రంలో గాలం వేయడానికి వెళ్లిన ఏబెల్ ఆ రాత్రికే ఇల్లు చేరాడు. వడమాలపేటలో వాన చుక్క లేదు. అతని చొక్కా నుంచి మాత్రం నీళ్లు కారుతున్నాయి. బకెట్టెడు ఆలిచిప్పలు భార్య స్టెల్లా ముందు పెట్టి, వంటింటి గోడకు చేరగిలబడ్డాడు.

“ఎర అయిపొయ్యింది. తెల్లారి మళ్లా పోవల్ల. మాంసం తీసి ఉప్పు పెట్టు. సచ్చినవి ఏరి పారెయ్.”

ఎలా ఏరాలో పెళ్లయిన కొత్తలో అతనే నేర్పాడు. నోరు తెరిచిన చిప్పను వేలితో తట్టాలి. బతికుంటే మూసుకుంటుంది. మూసుకోకపోతే చచ్చినట్టే.

స్టెల్లా ఒక్కొక్కటే తట్టింది. టక్కున మూసుకున్నవాటిని కత్తితో విప్పి, మాంసానికి రాళ్లుప్పు పట్టించి డబ్బాలో సర్దింది. మూసుకోనివి పక్కకు నెట్టింది. డబ్బా ఫ్రిజ్‌లోకి చేరేదాకా ఏబెల్ ఆమె చేతుల్నే చూస్తున్నాడు. అంతసేపట్లో ఒక్కసారీ రెప్ప వాల్చలేదు.

“ఏమయ్యా, నిద్రొస్తా ఉండాదా?”

ఆమె చెయ్యి చాచి, అతని కంటి కింద వేలితో మెల్లగా తట్టింది. చెంప చల్లగా తగిలింది. మళ్లీ తట్టింది. రెప్ప కదల్లేదు.

“స్టెల్లా,” అన్నాడు ఏబెల్, “నన్ను గూడా పక్కకు నెడతావా?”