మేనల్లుడి మూడో కోరిక

“బానెట్ మూయకు తుర్గన్! ఆ స్పానర్లన్నీ మళ్ళీ కింద పరిచెయ్!” అంటూ షెడ్డులోకి పరుగెత్తుకొచ్చాడు సేయిల్‌ఖాన్.

మెకానిక్ తుర్గన్ తెల్లబోయాడు. ఏడాదిగా తాను కుస్తీ పడుతున్న సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు ఆ పొద్దుటే ఒక దారికొచ్చింది. ఎర్రరంగు తళతళలాడుతోంది. తాళాలు యజమాని సేయిల్‌ఖాన్ చేతిలో పెట్టడమే తరువాయి.

“ఏమైంది సేకే?” అన్నాడు, సేయిల్‌ఖాన్‌ని మర్యాదగా పిలిచే పొట్టిపేరుతో.

“మా అక్క కొడుకు ఎల్నార్ బస్సు దిగాడట. ‘మీ కారు చూద్దామని వస్తున్నా మామయ్యా’ అని ఫోను. చూద్దామనట, చూద్దామని! వాడికింకా ఒక కోరిక మిగిలుంది.”

తుర్గన్‌కు సంగతి అర్థమైంది. అల్మాటీలో ఎవరికైనా అర్థమవుతుంది. అక్కడి ఆచారం ప్రకారం అక్క కొడుకు మూడుసార్లు ఏమడిగినా మేనమామ కాదనకూడదు. మేనల్లుణ్ణి నొప్పించినవాడికి చేతులు వణుకుతాయని పెద్దల మాట.

“మొదటిసారి గుర్రప్పిల్లను తోలుకుపోయాడు. రెండోసారి టీవీ. అదీ ఫుట్‌బాల్ ఫైనల్ రోజున! మేనల్లుడు రావడం కంటే ఏడు తోడేళ్ళు రావడం నయమని ఊరికే అన్నారా? ఈ కారు మాత్రం ఇవ్వను తుర్గన్. దీని మీదే ప్రాణాలు పెట్టుకున్నాను. నేనేమన్నా నువ్వు తలూపు. బండి పనికిరాదు, అంతే.”

“నేను బాగుచేసిన బండి పనికిరాదని నేనే అనాలా? నా పరువేం కావాలి?”

“నీ పరువుకి పెద్ద గిన్నెడు లగ్మాన్ నూడుల్స్ తినిపిస్తాలే. వస్తున్నాడు, ఊరుకో!”

భుజాన సంచితో ఎల్నార్ లోపలికొచ్చి, రెండు చేతులతో మామ చెయ్యి అందుకున్నాడు.

“బాగున్నారా మామయ్యా? పిల్లాపాపా, గొడ్డూగోదా క్షేమమేనా?”

“అంతా క్షేమమేరా, ఈ దరిద్రపు కారు తప్ప.”

ఎల్నార్ కారు చుట్టూ తిరిగాడు. తలుపు మీద చెయ్యి వేసి నిమిరాడు. సేయిల్‌ఖాన్‌కు ఆ చెయ్యి తన గుండె మీద పడినట్టయింది.

“మెరిసిపోతోందే!”

“పైన పటారం, లోన లొటారం. టర్బో పోయింది, ఆరున్నర లక్షల టెంగేలు. క్లచ్ జారుతోంది, రెండు లక్షల ఎనభై వేలు. హెడ్ గాస్కెట్ కాలిపోయి ఇంజనాయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి. ఆయిల్ చూసే పుల్ల ముంచి తీస్తే పాలు పోసిన టీ వస్తుంది. దానికో నాలుగు లక్షలు.”

ఎక్కడా తడుముకోలేదు. తడుముకోవలసిన పనీ లేదు. అవన్నీ ఈ ఏడాది ఒక్కొక్కటిగా తాను కట్టిన బిల్లులే. ‘కట్టాను’ అనవలసిన చోట ‘కట్టాలి’ అంటే సరిపోయింది.

“ఇక రెండో గేరు వెయ్యాలంటే దేవుణ్ణి తలుచుకోవాలి.”

“గేర్‌బాక్స్ మాత్రం...” అని తుర్గన్ నోరు విప్పాడు. సేయిల్‌ఖాన్ బూటు అతని కాలిమీద పడింది. “...మాత్రం మరీ ఘోరం,” అని ముగించాడు తుర్గన్.

“చూశావా! బాగుచేసినవాడే ఒప్పుకుంటున్నాడు. వీడూ ఒక మెకానిక్కేనా? ఒకటి బిగిస్తే రెండు ఊడతాయి.”

తుర్గన్ మొహం ఎర్రబడింది.

ఎల్నార్ మాత్రం ఇంకా కారునే చూస్తున్నాడు. “మరి బ్రేకులు ఎలా ఉన్నాయి మామయ్యా?”

ఇంకొక్క దెబ్బ వేస్తే వీడు దీని జోలికి రాడనుకున్నాడు సేయిల్‌ఖాన్.

“బ్రేకులా? ఉంటేగా! మొన్న కొండ దిగుతుంటే పెడల్ నేలకి అంటుకుపోయింది. ఎదురుగా గొర్రెల మంద. పక్కన లోయ. ఏ పూర్వీకుడు స్టీరింగ్ పట్టుకున్నాడో గానీ, ఇవాళ నీ ముందు నిలబడ్డాను.”

ఎల్నార్ మొహం పాలిపోయింది. టోపీ సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

“మామయ్యా, నా మూడో కోరిక అడుగుతున్నాను. ఈ కారు నాకు ఇచ్చెయ్యండి.”

సేయిల్‌ఖాన్ కారుకి అడ్డం పడ్డాడు. “ఇంత... చెప్పినా?”

“ఇంత చెప్పారు కాబట్టే.”

“రిపేర్లకి నీ జీతం చాలదురా!”

“రిపేర్లు చేయించను. తిన్నగా పాత ఇనప సామాన్ల కొట్టుకి తోలిస్తాను.”

“ఇనప కొట్టుకా? అయ్యో, అంతా అబద్ధంరా! బ్రేకులు కొత్తవి! టర్బో కొత్తది! అన్నీ కొత్తవే! తుర్గన్, నువ్వైనా చెప్పవయ్యా!”

తుర్గన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. “నాకేం తెలుసు సేకే? ఒకటి బిగిస్తే రెండు ఊడగొట్టేవాణ్ణి.”

“వదులుకోవలసి వచ్చేసరికి ఎవరైనా అలాగే అంటారు మామయ్యా,” అన్నాడు ఎల్నార్ మెత్తగా. తాళాల కోసం చెయ్యి చాపాడు.

చేతులు వణుకుతాయన్న మాట గుర్తొచ్చిందో ఏమో, సేయిల్‌ఖాన్ తుర్గన్ దగ్గర తాళాలు తీసుకుని ఇచ్చేశాడు. అప్పటికే చేతులు వణుకుతున్నాయి.

“ఒక్కటి చెప్పి పట్టుకుపోరా. నీకు డ్రైవింగే రాదు కదా. దీంతో నీకేం పని?”

“నాకేం పని లేదు మామయ్యా. అమ్మ పంపింది. ‘నాకు మిగిలిన తమ్ముడు వాడొక్కడే. ఆ కారు ప్రమాదమని తేలితే నీ మూడో కోరిక వాడుకుని లాక్కొచ్చెయ్. బాగుంటే మాత్రం ముట్టుకోకు, సరదాగా నడుపుకోనీ’ అంది.”